మెట్స్ పంచాంగం: ఆదాయం 0, వ్యయం 4

తెనాలి_టు_ఎడిసన్ | ఏప్రిల్ 2, 2024, ఉదయం 9:40

వచ్చే మంగళవారం ఉగాది. పంచాంగ శ్రవణం దాకా ఆగే పని లేకుండానే మన న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు ఫలితం తేలిపోయింది. ఆదాయం (గెలుపులు) 0, వ్యయం (ఓటములు) 4. రాజపూజ్యం 0, అవమానం 4.

మిల్వాకీ బ్రూవర్స్ జట్టు మూడు రోజులు మనింట్లో తిని, మనల్ని కొట్టి, చేతులు కడుక్కుని వెళ్లారు. మొదటి ఆటలో మనవాళ్లందరూ కలిసి కొట్టిన హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడాలు) ఎన్నో తెలుసా? ఒకటి. మార్టే హోమ్ రన్. అంతే. నిన్న డెట్రాయిట్ టైగర్స్‌తో ఇంకా ఘోరం. కొత్తగా వచ్చిన పిచర్ (మన బౌలర్ లాంటివాడు) షాన్ మనాయా ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ ఇచ్చి ఎనిమిది మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఇంతకంటే ఏం చెయ్యాలి ఆ మనిషి? తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 0-0. పదో ఇన్నింగ్స్‌లో వాళ్లు అయిదు కొట్టారు, మనం యథాప్రకారం సున్నా.

శోభకృత్ పోతూ పోతూ మనకి శోభ ఏమీ మిగల్చలేదు. వచ్చేది క్రోధి. పేరు చూస్తేనే భయంగా ఉంది. ఎవరైనా ధైర్యం చెప్పండి.

బ్రాంక్స్_బుల్లోడు | ఉదయం 9:52

మేం, అంటే యాంకీస్, 5-0 😌 హ్యూస్టన్ వెళ్లి ఆస్ట్రోస్‌ని నాలుగుకి నాలుగు కొట్టి వచ్చాం. మొదటి రోజే సోటో రైట్ ఫీల్డ్ నుంచి విసిరి హోమ్ ప్లేట్ దగ్గర అవుట్ చేశాడే, అది చూశారా? చూసుండరు లెండి, మీ ఏడుపులో మీరున్నారు.

బౌన్_వీధి_భవాని | ఉదయం 10:03

వచ్చాడండీ. పొయ్యి మీద పాలు పొంగితే చాలు, పక్కింటి పిల్లి హాజరు.

సోటోకి మీతో ఒప్పందం ఈ ఒక్క ఏడాదే. వచ్చే చలికాలం మా జట్టు యజమాని కోహెన్ గారి చెక్కుబుక్కు తెరుచుకున్నప్పుడు మాట్లాడుకుందాం.

తెనాలి_టు_ఎడిసన్ | ఉదయం 10:10

చెక్కుబుక్కు మాటెత్తకండి అక్కా, కడుపు మండుతుంది. పోయిన ఏడాది బేస్‌బాల్ చరిత్రలోనే అంత జీతాల ఖర్చు ఇంకెవరూ పెట్టలేదు. లగ్జరీ పన్నే 10 కోట్ల డాలర్లు దాటింది. ఫలితం? 75 గెలుపులు, 87 ఓటములు. జూలై అయ్యేసరికి మన పెద్ద పిచర్లని పంపేశారు: షెర్జర్ టెక్సస్‌కి, వర్లాండర్ హ్యూస్టన్‌కి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

ఫ్రిస్కో_ఫణి | ఉదయం 10:21

షెర్జర్‌ని పంపినందుకు డాలస్ తెలుగువాళ్లందరి తరఫునా మీకు కృతజ్ఞతలు. మా టెక్సస్ రేంజర్స్ వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ కప్పు) గెలిచారు. జీతంలో పెద్ద వాటా మీరే ఇస్తున్నారటగా, అది ఇంకా బాగుంది.

షే_పాతకాపు | ఉదయం 10:45

నాయనా, ఎవరి గొడవ వాళ్లది గానీ ఒక మాట. ఈ జట్టు పుట్టుకే అలాంటిది. 1962లో మొదటి తొమ్మిది ఆటలూ ఓడిపోయి మొదలుపెట్టింది. ఆ ఏడాది మొత్తం 40 గెలిచి 120 ఓడింది. ఆదిలోనే హంసపాదు అంటాం చూడండి, వీళ్లది హంసపాదు కూడా కాదు, కాకిపాదు. ఏడేళ్లు తిరిగేసరికి, 1969లో, వరల్డ్ సిరీస్ గెలిచారు. నాలుగు ఆటలకే తల పట్టుకుంటే ఎలా?

లెక్కల_లచ్చన్న | ఉదయం 11:15

నేను గదే చెప్దామనుకున్న, పెద్దాయన చెప్పిండు. తెనాలి అన్నా, జర నెమ్మది. సీజన్ల 162 ఆటలు. నాలుగు ఓటములంటే ఎంత? ఐపీఎల్‌ల ఒక టీమ్‌కు 14 మ్యాచ్‌లు గదా. ఆ లెక్కల చూస్తే మనం ఓడింది ఒక మ్యాచ్‌ల మూడో వంతు. ఇంకా సక్కగ చెప్పాల్నంటే మొదటి మ్యాచ్‌ల ఏడు ఓవర్లయినయ్. పవర్‌ప్లే అయిపోయి ఒక ఓవర్ పడ్డది. ఏడో ఓవర్‌ల టీవీ పగలగొడ్తమా?

తెనాలి_టు_ఎడిసన్ | ఉదయం 11:22

ఏడు ఓవర్లకి 0 పరుగులైతే పగలగొడతాం తమ్ముడూ.

అయినా సన్‌రైజర్స్ మొన్న ఉప్పల్‌లో ముంబయి మీద 20 ఓవర్లలో 277 కొట్టారు. పొద్దున్నే ఫోన్‌లో అది చూసి, సాయంత్రం వీళ్లని చూడాలంటే బిర్యానీ తిన్న నోటితో పథ్యం కూడు తిన్నట్టుంది.

ఫ్రిస్కో_ఫణి | ఉదయం 11:30

ముంబయి కూడా నిన్న మూడోది ఓడింది. 0-3. వాంఖడేలో సొంత కెప్టెన్‌నే గేలి చేస్తున్నారు. మీకు తోడున్నారు.

లెక్కల_లచ్చన్న | ఉదయం 11:41

ముంబయి 2015ల మొదటి నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయింది. కప్పు ఎవరు కొట్టిండ్రు ఆ ఏడు? ముంబయే. మనకు క్రికెట్ ఎట్లనో ఇదీ అట్లనే.

బేస్‌బాల్ లెక్కనే కావాల్నంటే ఇగో. 1998ల యాంకీస్ 1-4తో మొదలువెట్టి 114 గెలిచిండ్రు. 2019ల వాషింగ్టన్ నేషనల్స్ 19-31తో బురదల కూరుకపోయిండ్రు, అక్టోబర్‌ల కప్పు వాళ్లదే. ఉల్టా కూడ చూడున్రి. పోయినేడు టాంపా రేస్ 13-0తో ఎగిరిండ్రు. ఆఖరికి? వైల్డ్ కార్డ్‌ల (నాకౌట్ల మొదటి రౌండ్) రెండు ఆటలకే ఇంటికి.

బ్రాంక్స్_బుల్లోడు | ఉదయం 11:44

నేషనల్స్‌కి షెర్జర్, స్ట్రాస్‌బర్గ్ ఉన్నారు. మీకెవరున్నారు? మీ పిచర్లలో సెంగ భుజం పట్టేసి కూర్చున్నాడు. మెగిల్ ఆదివారం నాలుగు ఇన్నింగ్స్‌కే భుజం పట్టుకుని వెళ్లిపోయాడు. లచ్చన్న గారి లెక్కలు పిచ్చింగ్ చెయ్యవు కదా.

బౌన్_వీధి_భవాని | ఉదయం 11:58

ఈ ఒక్క మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా. గోరుచుట్టు మీద రోకటి పోటు.

తెనాలి_టు_ఎడిసన్ | మధ్యాహ్నం 1:15

ఇవాళ్టి ఆట వాన వల్ల వాయిదా. ఆడకపోతే ఓడిపోలేం కాబట్టి వారంలో ఇదే మంచి వార్త.

ఎలాగూ ఖాళీ కాబట్టి శనివారం సంగతి చెప్తాను. నాన్న ఫిబ్రవరిలో వచ్చారు. తెనాలిలో లెక్కల మాస్టారు, రిటైరయ్యి పన్నెండేళ్లు. ఒకప్పుడు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని టెస్టు మ్యాచ్ కామెంటరీ వింటూ, పొడుగు నోటుబుక్కులో బంతి బంతికీ స్కోరు రాసేవారు. ఇక్కడికొచ్చాక చలికి బయటికి రాక, సోఫాలో కూర్చుని మనుమరాలి హోంవర్కు దిద్దుతున్నారు. ఆయన్ని కదిలిద్దామని రైలెక్కించి, పెన్ స్టేషన్‌లో మార్చి, మన మైదానం సిటీ ఫీల్డ్‌కి తీసుకెళ్లా.

మొదటి ఇన్నింగ్స్‌లోనే అనుమానం. "అవుటైనవాడు ఇంక ఆడడా?"

"ఆడతాడు నాన్నా, తొమ్మిది మందీ అయ్యాక వాడి వంతు మళ్లీ వస్తుంది."

"మరి అవుటంటే భయమేముందిరా వీళ్లకి?"

నేనేం చెప్పను? మన స్టార్ లిండోర్ వంక చూశా.

ఆ రోజు బ్రూవర్స్ వైపు హాస్కిన్స్ బ్యాటింగ్‌కి వచ్చినప్పుడల్లా స్టేడియం అంతా "బూ". ముందురోజు రెండో బేస్ దగ్గర మన మెక్‌నీల్ కాళ్ల మీదికి జారాడు, మెక్‌నీల్ అరిస్తే కళ్లు తుడుచుకుంటున్నట్టు వెక్కిరించాడు. నాన్నకి కథంతా చెప్పా. ఆ హాస్కిన్స్ శనివారం మూడు హిట్లు కొట్టాడు, అందులో ఒకటి హోమ్ రన్. తర్వాత మన పిచర్ రమీరెజ్ అతని వీపు వెనక నుంచి బంతి వేశాడు. అంపైర్ వెంటనే రమీరెజ్‌ని బయటికి పంపేశాడు.

స్కోరు రాస్తున్న నాన్న పెన్ను ఆపారు. "వీపు వెనక వేశాడేంట్రా? కొడితే ఎదురుగా నిలబడి కొట్టాలి గానీ." కాసేపాగి, "దీన్ని ఏ గడిలో రాయాలి?" అన్నారు.

7-6తో ఓడిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేను ముఖం వేలాడేసుకుని కూర్చుంటే ఆయన కూడికలు సరిచూసుకుంటున్నారు. "రేపు ఎన్నింటికి?" అని అడిగారు.

షే_పాతకాపు | మధ్యాహ్నం 1:40

మాస్టారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. స్టేడియం నుంచి ఏడో నంబర్ రైలు ఇంకొక్క స్టేషన్ ఎక్కితే మెయిన్ స్ట్రీట్. అక్కణ్నుంచి బౌన్ వీధిలో గణపతి గుడి. ఈసారి తీసుకెళ్లు. ఆ గుడి 1977 నుంచి ఉంది, అంటే మన సిటీ ఫీల్డ్ కంటే 32 ఏళ్లు పెద్దది. కింద క్యాంటీన్‌లో దోసె తిని ఆటకి పోతే ఓడినా కడుపు చల్లగా ఉంటుంది. నా రెసిడెన్సీ రోజుల్లో ఆదివారం కార్యక్రమమే అది: ముందు గుడి, తర్వాత మెట్స్ పాత మైదానం షే స్టేడియం.

బౌన్_వీధి_భవాని | మధ్యాహ్నం 2:05

మా అమ్మ ఇప్పటికీ శనాదివారాలు ఆ గుడిలో సేవకి వెళ్తుంది. మాకు అదొక అలవాటు: ఆట ఉన్న రోజు గణపతికి దణ్ణం పెట్టుకునేటప్పుడు "చదువు, ఆరోగ్యం, మెట్స్". మూడోది విఘ్నాల కోటాలోకి రాదనుకుంటా, ఆయన పట్టించుకోడు.

చిన్నప్పుడు 2006లో లీగ్ ఫైనల్ ఏడో ఆట చూశాను. ఎండీ చావెజ్ గోడ మీది నుంచి బంతి లాక్కొచ్చాడు చూడండి, ఆ రాత్రి. మా ఇంట్లో గంతులే గంతులు. చివర్లో బేసులన్నీ నిండి ఉండగా బెల్ట్రాన్ బ్యాట్ కదపకుండా మూడో స్ట్రైక్ చూస్తూ నిలబడ్డాడు. నాన్న ఏమీ అనలేదు. లేచి వెళ్లి గిన్నెలు కడిగారు. ఆయన గిన్నెలు కడగడం అదే మొదటిసారి.

బ్రాంక్స్_బుల్లోడు | మధ్యాహ్నం 2:11

అది చదివాక నాకే పాపం అనిపించింది. ఇవాళ్టికి వెక్కిరింపులు బంద్.

లెక్కల_లచ్చన్న | ఏప్రిల్ 3, ఉదయం 10:20

ఇయ్యాల కూడ వానే. ఆట లేదు. రేపు డబుల్ హెడర్, ఒక్క దినమే రెండు ఆటలు.

ఖాళీగున్న కాబట్టి మంచి ముచ్చట్లు రాస్తున్న. డియాజ్ తిరిగొచ్చిండు. పోయినేడు డబ్ల్యూబీసీల (బేస్‌బాల్ వరల్డ్ కప్ లెక్క) పోర్టోరికో గెలిచినంక గంతులేస్తూ మోకాలు పోగొట్టుకున్నోడు, ఏడాది మొత్తం లేడు. జె.డి. మార్టినెజ్ సంతకం పెట్టిండు, మైనర్స్‌ల (కింది లీగ్‌ల) ప్రాక్టీస్ చేస్కొని వస్తడు. మేనేజర్ మెండోజాకు ఇదే మొదటి ఏడు, ఆయనకూ కొంచెం టైమియ్యాలె. 2005ల గూడ మనోళ్లు 0-5తో మొదలుపెట్టి 83-79తో ముగించిండ్రు. ఇప్పుడు లీగ్‌కు మూడు వైల్డ్ కార్డులు. పోయినేడు ఆరిజోనా 84 గెలిచి వరల్డ్ సిరీస్ దాంక పోయింది.

తెనాలి_టు_ఎడిసన్ | ఉదయం 10:34

డియాజ్ మైదానంలోకి వచ్చేటప్పుడు మోగే బాకాలు వినాలని నాకూ ఉంది. కానీ అతని పని ఏమిటి? గెలుస్తున్న ఆటని చివర్లో కాపాడటం. కాపాడటానికి మనం ముందుండాలి కదా. దొంగ రాని ఇంటికి కావలివాడు.

ఇంకొకటి చెప్తా, తిట్టుకోకండి. నాకు ఓడిపోవడం బాధ కాదు. మార్చిలో ఎదురుచూసింది బాధ. ఆఫీసులో మీటింగుల మధ్య స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు ప్రాక్టీసు ఆటల) స్కోర్లు చూసుకున్నా. ఎవడో కుర్రాడు ఫ్లోరిడాలో రెండు హోమ్ రన్లు కొడితే మనసులోనే అక్టోబర్ నాకౌట్లకి టికెట్లు కొనేశా. 2022లో 101 గెలిచినప్పుడు కూడా ఇంతే, చివర్లో అట్లాంటాలో మూడూ ఓడిపోయి, పాడ్రెస్ చేతిలో ఇంట్లోనే పోయాం. ఆశపడటానికి నాకేం పనిరా అనుకుంటా. మళ్లీ మార్చి వస్తుంది.

షే_పాతకాపు | ఉదయం 11:02

నీకొక పాత తప్పు చెప్తాను, నాది. 1986 అక్టోబర్ 25. వరల్డ్ సిరీస్ ఆరో ఆట. పదో ఇన్నింగ్స్, రెండు పరుగులు వెనక ఉన్నాం, ఇద్దరు అవుట్, బేసుల మీద మనిషి లేడు. తెల్లారి అయిదింటికి డ్యూటీ. "అయిపోయింది" అని టీవీ కట్టేసి దుప్పటి కప్పుకున్నా. కాసేపటికి పై అంతస్తులో ఎవరో మంచాల మీది నుంచి దూకుతున్నట్టు చప్పుడు. పరుగెత్తి టీవీ పెట్టేసరికి బోస్టన్ ఫీల్డర్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి బంతి దొర్లిపోవడం రీప్లేలో వేస్తున్నారు. 38 ఏళ్లవుతోంది. "చూశావా?" అని ఎవరడిగినా "చూశాను" అనే అంటాను. చూడలేదు.

టీవీ కట్టెయ్యకు.

ఫ్రిస్కో_ఫణి | ఉదయం 11:10

డాక్టర్ గారూ, ఇది మీరు మొదటిసారి ఒప్పుకుంటున్నారా? 😂

షే_పాతకాపు | ఉదయం 11:16

మా ఆవిడ ఇక్కడికి రాదులే.

బౌన్_వీధి_భవాని | ఏప్రిల్ 4, మధ్యాహ్నం 12:30

నైట్ డ్యూటీ దిగి తిన్నగా స్టేడియానికి వచ్చేశా. చలి కొరికేస్తోంది. నా వరుసలో నేనూ, ఒక తాతగారూ, ఆయన దుప్పటీ. లాగార్డియా విమానాలు తల మీద నుంచి పోతుంటే వాటిలోవాళ్లు మనకంటే వెచ్చగా ఉన్నారన్న అసూయ.

లెక్కల_లచ్చన్న | మధ్యాహ్నం 3:40

మొదటిది పాయె. 11 ఇన్నింగ్స్, 6-3. అదనపు ఇన్నింగ్స్‌ల రెండో బేస్ మీద ఊరికే మనిషిని నిలవెడ్తరు గదా, వాళ్లోడు ఇంటికొస్తడు, మనోడు ఆడనే నిలవడి చూస్తడు. 0-5. నా లెక్కలు నేనే మడిచి పెట్టుకుంటున్న.

తెనాలి_టు_ఎడిసన్ | మధ్యాహ్నం 3:48

ఇంక నా వల్ల కాదు. కట్టేశా. పాతకాపు గారూ క్షమించండి. ఆఫీసు పని ఉంది, రెండోది చూడను. నాన్నకి రిమోట్ ఇచ్చి పై గదిలోకి వచ్చేశా. ఆయన అయితే కొత్త పేజీలో గళ్లు గీసుకుంటున్నారు.

బౌన్_వీధి_భవాని | సాయంత్రం

ఏడు ఇన్నింగ్స్ అయ్యాయి. మనవాళ్ల హిట్లు 0. మీరు చదివింది కరెక్టే. 0-5 చాలక నో హిట్టర్ (ఆట మొత్తం ఒక్క హిట్ లేకపోవడం) కూడా పడేట్టుంది. మన పిచర్ బుట్టో పాపం అద్భుతంగా వేశాడు, ఒకే పరుగు ఇచ్చాడు. తాతగారు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు.

బౌన్_వీధి_భవాని | సాయంత్రం

బేడర్ సింగిల్!! ఎనిమిదో ఇన్నింగ్స్. మొదటి హిట్. ఉన్న నలుగురమూ లేచి నిలబడి చప్పట్లు. ఒక్క హిట్‌కి ఇంత సంతోషం, సిగ్గు లేదు మాకు.

బౌన్_వీధి_భవాని | సాయంత్రం

అలాన్సో

లెక్కల_లచ్చన్న | సాయంత్రం

అలాన్సోఓఓఓ. తొమ్మిదోదాంట్ల హోమ్ రన్. 1-1. తెనాలి అన్నా, యాడున్నవ్? కిందికి దిగు!

బౌన్_వీధి_భవాని | సాయంత్రం

టేలర్ కొట్టాడు. 2-1. అయిపోయింది. గెలిచాం. గొంతు పోయింది. తాతగారు నన్ను వాటేసుకున్నారు, ఆయన పేరు కూడా నాకు తెలీదు.

బ్రాంక్స్_బుల్లోడు | సాయంత్రం

సరే సరే. శుభాకాంక్షలు. మెట్స్ గెలిచారంటే ఏదో ఉత్పాతం జరుగుతుంది, కిటికీలు వేసుకుని పడుకోండి.

తెనాలి_టు_ఎడిసన్ | రాత్రి 9:20

చూడలేదు.

ఏడింటికి కాఫీ కోసం కిందికి దిగితే నాన్న పెన్నుకి మూత పెడుతున్నారు. "గెలిచారురా మీవాళ్లు," అన్నారు, సాంబారులో ఉప్పు సరిపోయింది అన్నంత మామూలుగా. నమ్మక ఫోన్ తీసి ఇక్కడ చదివా. తర్వాత పుస్తకం చూపించారు. ఏడు ఇన్నింగ్స్‌ల నిండా సున్నాలు, ఒక్కటి కూడా వంకర పోకుండా, కాపీరైటింగ్ రాసినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఎనిమిదిలో చిన్న గీత. తొమ్మిదిలో అలాన్సో పేరు పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు. మనుమరాలి హోంవర్కు దిద్దే పెన్ను అది.

"నన్ను పిలవొచ్చుగా నాన్నా" అంటే, "నువ్వు చూడనన్నావుగా" అన్నారు.

షే_పాతకాపు | రాత్రి 9:31

నా సంఘంలోకి స్వాగతం. ఇక నుంచి ఎవరడిగినా చూశాననే చెప్పు.

తెనాలి_టు_ఎడిసన్ | ఏప్రిల్ 5, ఉదయం 10:31

అందరూ బాగున్నారా?? ఇల్లు ఊగింది! అల్మరాలో గ్లాసులన్నీ గలగలా. నేను డెస్కు కిందికి దూరాలా బయటికి పరుగెత్తాలా అని ఆలోచించేలోపు ఆగిపోయింది.

బౌన్_వీధి_భవాని | ఉదయం 10:36

ఇక్కడ ఫ్లషింగ్‌లోనూ ఊగింది! నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నా, మంచం కదిలితే అమ్మ లేపుతోందనుకున్నా.

లెక్కల_లచ్చన్న | ఉదయం 10:52

4.8 అంటున్నరు. 10:23కు. కేంద్రం మీ న్యూజెర్సీలనే. బుల్లోడా, రాత్రి ఉత్పాతం అన్నవ్ గదా? నీ నోరు గట్టిది తమ్మీ.

బ్రాంక్స్_బుల్లోడు | ఉదయం 10:55

నాకేం సంబంధం లేదు సార్. ఒక్క ఆట గెలిస్తేనే భూమి కదిలింది, మీరు వరుసగా మూడు గెలవకండి, ప్లీజ్.

తెనాలి_టు_ఎడిసన్ | ఉదయం 11:04

అందరూ క్షేమం కదా, అది చాలు. నాన్న మాత్రం టీ గ్లాసు ఒలకకుండా పట్టుకుని కుర్చీలోంచి లేవనే లేదు. ఊగడం ఆగాక నా వైపు చూసి, "నిన్న ఆ అబ్బాయి కొట్టిన బంతి ఇప్పుడు కిందపడినట్టుందిరా" అన్నారు.

ఆదాయం 1, వ్యయం 5. రాత్రికి సిన్సినాటిలో.

లెక్కల_లచ్చన్న | ఉదయం 11:09

ఆఫ్టర్‌షాక్‌లు వస్తయట, పైలం. లిండోర్ ఇంకా కొట్టుడు మొదలేవెట్టలే.